పిలిచేవారికి ఉచితం - మరి ఖర్చు ఎవరిది?

గోదావరి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళు పొదుపు సంఘం పెట్టుకున్నారు. వేసవిలో ఆవకాయ, మాగాయ పెడతారు. సీసాలకెత్తి అమ్ముతారు. మొదట చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే కొనేవారు. ఇప్పుడు హైదరాబాదు నుంచి కూడా అడుగుతున్నారు.

ఒకరోజు సంఘం కార్యదర్శికి ఫోను వచ్చింది.

"మేడం, మీ పచ్చళ్ళ వ్యాపారానికి టోల్ ఫ్రీ నంబరు ఇప్పిస్తాం. అంతా ఉచితం. ముందుగా ఐదు వేలు ఫోన్లో పంపండి చాలు" అన్నాడు అవతలి మనిషి.

సాయంత్రం సంఘం సమావేశం జరిగింది. కార్యదర్శి ఆ మాట చెప్పింది.

"ఉచితమంటే మంచిదేగా అక్కా! పంపేద్దాం" అంది ఒక చిన్నకోడలు.

పక్కనున్న పెద్దావిడ నవ్వింది.

"ఉచితమైతే ఐదు వేలు ఎందుకే?" అంది.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డబ్బు పంపలేదు. మర్నాడు కార్యదర్శి, పెద్దావిడ కలిసి బస్సెక్కారు. టౌనులో టెలిఫోను ఆఫీసుకు వెళ్ళి అడిగారు. అక్కడి ఉద్యోగి కూర్చోబెట్టి అన్నీ వివరంగా చెప్పాడు.

టోల్ ఫ్రీ అంటే ఏమిటి?

మామూలుగా ఫోను చేసినవారికే డబ్బు పడుతుంది. టోల్ ఫ్రీ నంబరుకు చేస్తే వారికి పడదు. ఆ డబ్బు నంబరు తీసుకున్నవారు కడతారు. చుట్టాన్ని మనింటికి పిలిచి, ఆటో కిరాయి మనమే ఇచ్చినట్టు అన్నమాట.

ఒకప్పుడు దూరం ఊరికి ఫోను చేయాలంటే ఎస్.టి.డి. బూతుకు వెళ్ళేవారు. మీటరు గిరగిరా తిరిగేది. అది చూసి గబగబా మాట్లాడి పెట్టేసేవారు. ఫోను ఖర్చుకు భయపడితే కొనేవారు వ్యాపారిని ఏమీ అడగరు. అందుకే అమెరికాలో 1967లో ఒక పద్ధతి వచ్చింది. కొనేవారు ఫోను చేస్తే ఖర్చు వ్యాపారి భరిస్తాడు.

మన దేశంలో ఇటువంటి నంబర్లు 1800తో మొదలవుతాయి. రైతుల కోసం కిసాన్ కాల్ సెంటర్ 2004లో మొదలైంది. దాని నంబరు 1800-180-1551. పంటకు తెగులు వస్తే రైతులు దీనికి ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు. వారికి డబ్బు పడదు. ఆ ఖర్చు ప్రభుత్వానిది.

1860తో మొదలయ్యే నంబర్లు కూడా ఉన్నాయి. అవి ఉచితం కావు. పిలిచేవారికీ డబ్బు పడుతుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. అంకెలు సరిగ్గా చదవాలి.

అది ఎలా పనిచేస్తుంది?

టోల్ ఫ్రీ నంబరుకు వేరే ఫోను ఉండదు. ఇల్లు మారినవారి ఉత్తరాన్ని పోస్టాఫీసువారు కొత్త ఇంటికి పంపుతారు కదా, ఇదీ అంతే. 1800 నంబరుకు వచ్చిన పిలుపును కంపెనీ కంప్యూటరు మనం చెప్పిన ఫోనుకు పంపుతుంది. ఒకరి ఫోను ఖాళీ లేకపోతే ఇంకొకరి ఫోనుకు పంపుతుంది. ఫోనులు మారినా పైకి కనిపించే నంబరు మారదు.

ఇది పెద్ద వ్యాపారాలకు బాగా పనికొస్తుంది. రోజూ ఎన్నో ఊళ్ళ నుంచి ఫోనులు వస్తాయి. నలుగురైదుగురు కూర్చుని జవాబు చెప్పాలి. కానీ మన దేశంలో తీసుకున్న 1800 నంబరు సాధారణంగా విదేశాల నుంచి కలవదు. అమెరికాలో ఉన్న తెలుగువారు పచ్చళ్ళు కావాలంటే మామూలు నంబరుకే చేయాలి.

నంబరు ఎవరిస్తారు?

అనుమతి ఉన్న ఫోను కంపెనీలు ఇస్తాయి. బి.ఎస్.ఎన్.ఎల్., ఎయిర్‌టెల్ వంటివి ఉన్నాయి. దరఖాస్తు పెట్టాలి. సంఘం రిజిస్ట్రేషను కాగితం, పాన్ కార్డు, చిరునామా రుజువు, సంతకం చేసేవారి గుర్తింపు కార్డు వంటివి అడుగుతారు. సంఘం తీర్మానం కూడా అడగవచ్చు. డబ్బు కడితే రసీదు తీసుకోవాలి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఫోను చేసి డబ్బు పంపమంటే పంపకూడదు.

లెక్క వేసి చూడాలి

ఇంటికి వచ్చాక పెద్దావిడ పలక తీసింది. వయోజన విద్యా కేంద్రంలో నేర్చుకున్న లెక్కలు ఇప్పుడు పనికొచ్చాయి. కంపెనీని బట్టి ధర మారుతుంది. అందుకని లెక్క కోసం నిమిషానికి 1 రూపాయి, నెల అద్దె 500 రూపాయలు అనుకున్నారు.

రోజుకు 20 ఫోనులు. ఒక్కోటి 3 నిమిషాలు. రోజుకు 60 నిమిషాలు.
నెలకు 30 రోజులు. మొత్తం 1,800 నిమిషాలు. అంటే 1,800 రూపాయలు.
అద్దె 500 రూపాయలు. మొత్తం 2,300 రూపాయలు.

"కిలో పచ్చడికి మనకు మిగిలేది 50 రూపాయలు. ఈ ఫోను ఖర్చుకే నెలకు 46 కిలోలు అదనంగా అమ్మాలి" అంది పెద్దావిడ.

చిన్నకోడలు నోరు తెరిచింది. "అమ్మో! ధర అడిగి ఊరుకున్నవాళ్ళ ఖర్చు కూడా మనదేనా పిన్నీ?"

"మనదేనమ్మా. ఆడుకునే పిల్లలు నొక్కినా మనదే."

కార్యదర్శి ఇంకో మాట చెప్పింది. ఇప్పుడు చాలామంది నెలనెలా రీఛార్జి చేయించుకుంటున్నారు. మాట్లాడే ఖర్చు అందులోనే ఉంటుంది. వాళ్ళు మామూలు నంబరుకు చేసినా వేరే డబ్బు పడదు. సీసా మీద ఫిర్యాదుకు ఫోను నంబరు వేయాలని చట్టం చెబుతోంది. అది టోల్ ఫ్రీ నంబరే కానక్కరలేదు.

సంఘం ఏం చేసింది?

ఇప్పటికి టోల్ ఫ్రీ వద్దనుకున్నారు. సంఘం పనికి వేరే ఫోను ఒకటి కొన్నారు. ప్రతి సీసా మీద ఆ నంబరే వేశారు. ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు ఎవరో ఒకరు వంతులవారీగా ఫోను దగ్గర ఉంటారు. ఎవరు చేశారు, ఏం అడిగారు అన్నీ పుస్తకంలో రాస్తారు. కార్యదర్శి మారినా నంబరు సంఘానిదే అని తీర్మానం రాసి అందరూ సంతకాలు పెట్టారు. అందులో వేలిముద్ర ఒక్కటీ లేదు.

వచ్చే వేసవికి ఆ పుస్తకం చూస్తారు. ఒక్క ఫోను చాలనంతగా పిలుపులు వస్తే, అప్పుడు మళ్ళీ లెక్క వేస్తారు.

గుర్తుంచుకోండి

ఉచితం అన్న మాట వినగానే ఖర్చు ఎవరిదని అడగాలి.

1800 నంబరు ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. ఫోనుకు వచ్చే ఓ.టి.పి. అంకెలు, రహస్య పిన్ నంబరు ఎవరికీ చెప్పకూడదు.

ఫోనులో మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

మీ సంఘంలో మాట్లాడుకోండి

మీ సరుకు కొనేవారు మీకు ఫోను ఎలా చేస్తున్నారు? రోజుకు ఎన్ని ఫోనులు వస్తున్నాయి? ఒక వారం పాటు రాసి చూడండి.