పాలపళ్లే కదా అనుకుంటే...

"ఎట్లయినా ఊడిపోయేటి పండ్లే కదక్కా, దానికి దవాఖానా ఎందుకు?"

మా ఇబ్రహీంపట్నంలో చిన్నపిల్లల తల్లుల నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! పిల్ల నెల రోజులుగా ఒక పక్కనే నములుతున్నా, రాత్రిళ్లు బుగ్గ పట్టుకుని ఏడుస్తున్నా లవంగం పెట్టి ఊరుకుంటారు. అదే ముందరి పళ్ల మీద చిన్న పసుపు చార కనిపించిందో, ఇక ఆ తల్లికి నిద్ర ఉండదు. "రేపు దీన్ని ఎవరు చేసుకుంటారు?" అని ఇప్పట్నుంచే బెంగ!

ఆ బెంగకు కారణం లేకపోలేదు. సాగర్ రోడ్డు మీద మాల్ దాటితే నల్గొండ జిల్లా, మర్రిగూడ. ఫ్లోరైడ్ నీళ్లు అక్కడి మనుషుల పళ్లనే కాదు, ఎముకలనూ వంచేశాయి. ఈ జబ్బును అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో 1937లోనే వైద్యులు గుర్తించారు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. మించిన నీళ్లు తాగితే, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే గార పడుతుంది. అందుకే ఇటుకపొడితో, బొగ్గుతో ఎంత తోమినా అది పోదు సరికదా, పైనున్న ఎనామిల్ కాస్తా అరిగిపోతుంది. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక నది నీళ్లు ఊళ్లకు వస్తున్నాయి. తాగడానికీ వంటకీ ఆ నీళ్లే వాడుకుంటే, ముఖ్యంగా ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, మేలు.

కానీ ఎక్కువమంది పిల్లలను ఏడిపించేది గార కాదు, పిప్పిపన్ను! 2002-03లో దేశమంతటా జరిగిన సర్వేలో ఐదేళ్ల పిల్లల్లో సగానికి పైగా పళ్లు పుచ్చి ఉన్నాయని తేలింది. ప్రపంచం మొత్తం మీద 51 కోట్ల మందికి పైగా పిల్లలకు పాలపళ్లు పుచ్చాయని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పన్నులో పురుగు ఉంటుందని మా అత్తగారి తరం నమ్మేది. పురుగూ లేదు, పాడూ లేదు. నోట్లోని సూక్ష్మజీవులు తీపిని తిని ఆమ్లం చేస్తాయి, అది పన్నును కరిగిస్తుంది. పాలపన్ను మీది ఎనామిల్ మరీ పలచన. కాబట్టి ఒక్కసారి కూర్చుని లడ్డూ తిన్నదానికంటే, పొద్దంతా కొంచెం కొంచెం బిస్కెట్ నమిలితేనే ఎక్కువ నష్టం. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటైతే మరీ ప్రమాదం.

పాలపళ్లన్నీ ఆరేడేళ్లకే ఊడిపోవు. దవడవి పది, పన్నెండేళ్ల దాకా ఉంటాయి. అవి ముందే పోతే పక్కవి ఒరిగి, తర్వాత వచ్చేవి వంకరగా వస్తాయి. పుచ్చు ముదిరి వేరు దగ్గర చీము పడితే, కింద తయారవుతున్న శాశ్వత పన్నుకీ మచ్చ పడవచ్చు. మరకకు భయపడే తల్లులు భయపడాల్సింది దీనికి కాదూ!

ఇంకో సంగతి. ఆరేళ్లప్పుడు ఏ పన్నూ ఊడకుండానే అన్నిటికంటే వెనకాల ఒక దవడపన్ను వస్తుంది. దాన్ని కూడా పాలపన్నే అనుకుంటాం. అది పోతే మళ్లీ రాదు.

ఆదివారం తలంటి పోసేటప్పుడు ఒకసారి పిల్ల పైపెదవి ఎత్తి చూడండి. చిగురు పక్కన సుద్దలాంటి తెల్లగీత ఉంటే అదే మొదలు. అప్పుడు వెళితే నొప్పి లేకుండా తేలిపోతుంది. పేస్టు మూడేళ్ల లోపు వాళ్లకు బియ్యపుగింజంత, ఆరేళ్ల దాకా బఠాణీగింజంత చాలు. మింగకుండా ఉమ్మించండి. ప్రకటనల్లో బ్రష్షు నిండా పరిచేది కంపెనీవాళ్ల లాభం కోసం! పడుకునే ముందు మీరే తోమండి, ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా వాళ్ల చేతికి అందదు.

2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీకి, సర్కారు బడికి డాక్టర్లు వచ్చి పిల్లల్ని చూస్తారు. వాళ్లు చూడాల్సినవాటిలో పళ్లూ ఉన్నాయి. ఈసారి వచ్చినప్పుడు, "మా పిల్ల దవడపండ్లు కూడా చూడండి సారూ" అని మీరే అడగండి.