రైలు పోయింది... సొరంగం మిగిలింది!

అమెరికాలోని రోచెస్టర్‌కి చదువుకోవడానికి వచ్చిన మొదటి నెలలోనే నాకు అర్థమైంది, ఇక్కడ కారు లేకపోతే పాలు తెచ్చుకోవడం కూడా పెద్ద పనే అని. అమీర్‌పేటలో మెట్రో దిగి, ఎక్కి తిరిగినవాణ్ని. ఇక్కడ మంచులో బస్సు కోసం ఎదురుచూపులు! అలాంటి నాతో మా సీనియర్ అన్న 'ఈ ఊళ్లోనూ ఒకప్పుడు సబ్‌వే ఉండేది తెలుసా' అంటే నమ్మలేదు.

ఓ ఆదివారం నన్ను కోర్ట్ స్ట్రీట్ వంతెన మీదికి తీసుకెళ్లాడు. ఎదురుగా జెనెసీ నది మీద బ్రాడ్ స్ట్రీట్ వంతెన. పైన కార్లు, కింద రాతి కమానుల అంతస్తు. అదంతా ఖాళీ, చీకటి. 'రైళ్లు అందులోంచే పోయేవి' అన్నాడు.

నిజానికి రైళ్లకంటే ముందు అక్కడ పడవలు నడిచాయి. 1825లో పూర్తయిన ఈరీ కాలువ ఈ ఊరి మధ్య నుంచే పోయేది. నదిని దాటించడానికి 1842లో ఈ రాతి వంతెన కట్టారు. అంటే నది మీద ఇంకో కాలువ అన్నమాట! తర్వాత కాలువను ఊరికి దక్షిణంగా మళ్లించారు. ఎండిన కాలువలో పట్టాలు వేసి, ఊరి నడిబొడ్డున పైకప్పుగా రోడ్డు పోశారు. 1927 డిసెంబర్ 1న సబ్‌వే మొదలైంది.

కొత్తగా తవ్వే ఖర్చు చాలావరకు తప్పింది. చిక్కు కూడా అక్కడే వచ్చింది. కాలువ ఎటు పోతే రైలూ అటే పోవాలి. జనం ఉన్నచోటికి రైలు వెళ్లలేకపోయింది. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలుకు రేషన్ పెట్టినప్పుడు బోగీలు కిటకిటలాడాయి. యుద్ధం అయ్యాక అందరూ కార్లు కొనుక్కుని శివార్లకు వెళ్లిపోయారు. 1956 జూన్ 30తో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. సరుకు బోగీలు మాత్రం 1990ల దాకా నడిచాయి, ఊళ్లోని దినపత్రిక ప్రెస్‌కి కాగితం మోస్తూ.

మరి తూర్పు వైపు పట్టాలు ఏమయ్యాయి అంటారా? తీసేసి హైవే వేశారు. కాలువ, రైలు, కారు... ఒకే గుంతలో మూడు కాలాలు.

నేనిప్పుడు సెకండ్‌హ్యాండ్ కారు కోసం డబ్బులు దాచుకుంటున్నా. కొన్నాక వెళ్లాల్సింది ఆ హైవే మీదే. కింద పట్టాలు ఉండుంటే మాత్రం ఈ డబ్బు అమ్మకి పంపేవాణ్ని.