క్రాష్ బ్యాండికూట్ మన పందికొక్కే!

అజీజ్‌నగర్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని మొయినాబాద్ దాటి చేవెళ్ల, వికారాబాద్ వైపు వెళ్తుంటే పొలాల రంగు మారుతుంది. ఎర్రమట్టి తగ్గి నల్లరేగడి కనిపిస్తుంది. ఆ నల్లమట్టికి పుట్టిల్లయిన రాతికి సైన్స్ పెట్టిన పేరు డెక్కన్ ట్రాప్. ట్రాప్ అనగానే ఎలుకల బోను గుర్తొస్తుంది కదా? దానికీ దీనికీ సంబంధమే లేదు. స్వీడిష్ భాషలో 'ట్రాప్పా' అంటే మెట్లు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా పొర మీద పొరగా పారి గట్టిపడింది. ఆ కొండల అంచులు మెట్లు మెట్లుగా ఉంటాయి కాబట్టి ఆ పేరు. డెక్కన్ మన దక్కనే, 'దక్షిణ' నుంచి వచ్చింది. రెండూ కలిపితే దక్షిణాది మెట్లు. అంతే!

ఈ రోడ్డు చుట్టుపక్కలంతా ఇంజినీరింగ్ కాలేజీలు. టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లని ఫస్టియర్‌లో బెదరగొట్టేవి ఇలాంటి పదాలే. విడదీసి చెప్పేవాళ్లుండరు, బట్టీ పట్టడమే. కొన్నాళ్లకి 'నాకు ఇంగ్లిష్ రాదు' అనుకుని వెనక బెంచీకి జరిగిపోతారు. నిజానికి ఈ పదాలు ఇంగ్లిష్‌వాళ్లకీ సొంతం కాదు. చాలావరకు గ్రీకు, లాటిన్ సరుకు. కొన్నయితే మన దగ్గర్నుంచే పోయాయి.

ఇందాక బోను అనుకున్నాం కదా, అందులో పడే పందికొక్కు సంగతే చూడండి. ఇంగ్లిష్ నిఘంటువులో 'బ్యాండికూట్' తీస్తే, మూలం తెలుగు 'పందికొక్కు' అని ఉంటుంది. జంతుశాస్త్రంలో దాని పేరు బ్యాండికోటా ఇండికా. పందికొక్కుకి లాటిన్ చొక్కా తొడిగారన్నమాట! తర్వాత తెల్లవాళ్లు ఆస్ట్రేలియాలో పొడుగు మూతి జంతువునొకదాన్ని చూసి దానికీ ఇదే పేరు తగిలించారు. అది అసలు ఎలుక జాతే కాదు, కంగారూలా పొట్టకి సంచి ఉంటుంది. 1996లో ప్లేస్టేషన్‌లో దూకిన క్రాష్ బ్యాండికూట్‌కి పేరు ఆ జంతువు నుంచే వచ్చింది. అంటే మన గాదెల్లోంచి గేమ్‌లోకి, వయా సిడ్నీ.

ఇంకోటి, నోరు తిరగనిది: కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. గ్రీకులో 'సారోస్' అంటే బల్లి. 'కోట' శిలాజం దొరికిన రాతిపొర పేరు. యామన్‌పల్లి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఊరు. యామన్‌పల్లి కోట బల్లి! ఇంటిపేరు, ఊరిపేరు రెండూ ఉన్న డైనోసార్. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త పెట్టిన పేరిది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. పిల్లల్ని తీసుకెళ్తే, ఆ పేరులో మన ఊరు ఎక్కడుందో వెతకమనండి.