నెల జీతం లేని ఇంటికి బడ్జెట్ యాప్: కవర్ల పద్ధతిని ఫోన్‌లో పెట్టుకోవడం ఎలా

బడ్జెట్ యాప్ ఏది ఇన్‌స్టాల్ చేసినా మొదట్లోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: మీ నెల ఆదాయం ఎంత? నాకైతే ఇబ్బంది లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలాఖరుకి జీతం పడుతుంది. కానీ మా ఇల్లు నిజాంపట్నంలో, నాన్న మెకనైజ్డ్ బోటు మీద కళాసీ. బోటు వేటకెళ్ళి తిరిగి హార్బర్‌కి రావాలి, సరుకు అమ్ముడుపోవాలి, డీజిలు, ఐసు, తిండి ఖర్చులు పోగా మిగిలిన దాన్ని బోటు యజమానికీ మనుషులకీ వాటాలెయ్యాలి. అప్పుడు ఇంటికొచ్చేదే ఆదాయం. ఒక వేటకి పది వేలు రావచ్చు, తర్వాతి వేటకి రెండు వేలు కూడా రాకపోవచ్చు. తుపాను హెచ్చరిక వస్తే అసలు బోటే కదలదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను తీరం దాటింది మా పక్కనే, బాపట్ల దగ్గర.

అంతకన్నా పెద్దది ఇంకోటుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మెకనైజ్డ్, మోటారు బోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం, నిషేధం ఉండాల్సిందే. కానీ మన రాష్ట్రంలో బళ్ళు తెరిచేది జూన్ రెండో వారంలో. అంటే రెండు నెలలు పైసా రాబడి లేకుండా గడిచి, మొదటి వేట సరుకు ఇంకా అమ్ముడుపోకముందే ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలు వచ్చి మీద పడతాయి. ఆ పదిహేను రోజుల్లో తెచ్చిన అప్పు తీరేసరికి సంక్రాంతి వస్తుంది.

కాబట్టి ఈసారి బడ్జెట్ యాప్‌లని గ్రాఫులు, థీములు చూసి కాకుండా ఈ ఒక్క పరీక్ష పెట్టి చూశాను: జూన్ 12న ఫీజు కట్టే డబ్బు ఆ యాప్ వల్ల ఇంట్లో ఉంటుందా, ఉండదా?

ట్రాకర్ వేరు, కవర్లు వేరు

మనలో చాలామంది ఫోన్లలో ఉన్నవి ఖర్చు ట్రాకర్లు. ఎస్సెమ్మెస్‌లు చదివి, గత నెల స్విగ్గీకి ఇంత, పెట్రోలుకి ఇంత అని రంగు రంగుల వృత్తం గీసి చూపిస్తాయి. చూసి "అమ్మో" అనుకుంటాం, అంతే. ఆ డబ్బు అప్పటికే పోయింది.

కవర్ల పద్ధతి ముందు వైపు నుంచి వస్తుంది. డబ్బు చేతికొచ్చిన రోజే దాన్ని పంచెయ్యాలి: ఇది బియ్యానికి, ఇది కరెంటు బిల్లుకి, ఇది డ్వాక్రా కిస్తీకి, ఇది నిషేధం నెలలకి. పాత రోజుల్లో నిజంగానే కాగితం కవర్లలో నోట్లు పెట్టేవాళ్ళు కాబట్టి ఆ పేరు. మన ఇళ్ళల్లో కవర్లు లేవు గానీ పోపుల డబ్బా ఉంది, చీరల మడతలున్నాయి. మా అమ్మకి ఈ పద్ధతి చెప్పబోతే, "అంటే ఫోన్‌లో డబ్బాలు పెడతావా? నేను ఎప్పట్నుంచో పెడుతూనే ఉన్నాగా" అంది. కరెక్టే. నేను ఆవిడకి కొత్తగా నేర్పింది ఏమీ లేదు. ఇప్పుడు సగం డబ్బు యూపీఐలో వస్తోంది, అది పోపుల డబ్బాలో పట్టదు. సమస్యల్లా అదే.

ఈ పద్ధతిలో రూలు ఒకటే, దాన్ని గట్టిగా పట్టుకోవాలి: చేతిలో ఉన్న డబ్బుకే కవరు. రాబోయే డబ్బుకి కవరు లేదు. జీతగాళ్ళకి ఇది చాదస్తంలా కనిపిస్తుంది. వేట మీద బతికే ఇంటికి మాత్రం ఇది ఒక్కటే పనికొచ్చే రూలు, ఎందుకంటే "వచ్చే నెల ఇంత వస్తుంది" అన్న అంచనా మీద వేసిన ఏ బడ్జెట్టూ మొదటి ఖాళీ వేటకే కూలిపోతుంది. ప్రభుత్వ సాయం కూడా అంతే. నిషేధ కాలంలో మత్స్యకార కుటుంబాలకిచ్చే సాయాన్ని 2025లో రూ.10,000 నుంచి రూ.20,000కి పెంచారు, ఆ ఏడాది పంపిణీ ఏప్రిల్ 26న మొదలైంది. మంచి మొత్తమే. కానీ ఖాతాలో పడేదాకా ఏ కవర్లోనూ కనపడకూడదు.

ఎక్కడుంది, ఎందుకుంది

కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే, అందుకని కొంచెం నిదానంగా చెప్తాను. ఈ సాఫ్ట్‌వేర్లలో రెండు వేర్వేరు లిస్టులుంటాయి. ఒకటి అకౌంట్లు: బ్యాంకు ఖాతా, పోస్టాఫీసు, ఇంట్లో నగదు. డబ్బు ఎక్కడుందో చెప్పేవి ఇవి. రెండోది కేటగిరీలు, అంటే కవర్లు. డబ్బు ఎందుకుందో చెప్పేవి అవి. ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి ముడి ఉండదు. మొత్తాలు సరిపోతే చాలు.

ఉదాహరణకి బ్యాంకులో 9,000, ఇంట్లో నగదు 3,000 ఉన్నాయనుకోండి. మొత్తం 12,000. కవర్లలో బియ్యం, సరుకులకి 4,000, కరెంటుకి 800, చదువుకి 2,200, నిషేధానికి 5,000. ఇదీ 12,000. చదువు డబ్బు బ్యాంకులో ఉందా నగదులో ఉందా అన్న ప్రశ్నకి అర్థమే లేదు. ఖర్చు పెట్టేముందు చూడాల్సింది బ్యాంకు బ్యాలెన్స్ కాదు, ఆ కవరు బ్యాలెన్స్. గూగుల్ పేలో 9,000 కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. యాప్‌లో సరుకుల కవరు 350 అని చూపిస్తే ఊరుకుంటుంది. ఒక్కో అవసరానికి ఒక్కో బ్యాంకు ఖాతా తెరవమని సలహాలిచ్చే యూట్యూబ్ వీడియోలు చాలా ఉన్నాయి. ఈ తేడా అర్థమైతే ఆ గోల అక్కర్లేదు.

అంకెలతో చూద్దాం

మా ఇంటి అంకెలు చెప్పను, కానీ ఇలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. నిషేధం లేని పది నెలల్లో నెలకి మూడు వేటలు, మొత్తం 30. వేటకి సగటున వాటా 6,500. అంటే ఏడాది రాబడి 1,95,000. ఇంటి ఖర్చు నెలకి 14,000. నిషేధం రెండు నెలలకి కావాల్సింది 28,000, జూన్‌లో చదువులకి 11,000. రెండూ కలిపి 39,000. ఇది సరిగ్గా రాబడిలో ఐదో వంతు.

ఇప్పుడు రూలు ఇలా పెట్టుకోవచ్చు: వాటా వచ్చిన రోజు ముందు ఐదో వంతు ఆ రెండు కవర్లలోకి, మిగతాది ఇంటికి. నెలకి ఇంత దాయాలని స్థిరమైన అంకె పెట్టొద్దు. 6,500 వస్తే 1,300, 2,000 వస్తే 400. చెడ్డ వేటకి తక్కువ దాచినందుకు బాధ లేదు, మంచి వేటకి ఎక్కువ దాచుకోవడం మర్చిపోయే అవకాశమూ లేదు. ఇంటికి మిగిలేది నెలకి 15,600. ఖర్చు పోగా పండగకీ ఆసుపత్రికీ 1,600. ఇరుకే. కానీ ఆ ఇరుకు సెప్టెంబరులోనే కనిపించడం, మే నెలలో కనిపించడం ఒకటి కాదు.

నిషేధం మొదలయ్యాక 28,000 కవరుని ఒక్కసారి విప్పకూడదు. వారానికి 3,200 చొప్పున సరుకులు, కూరలు, గ్యాస్ కవర్లలోకి మార్చుకుంటూ పోతే ఎనిమిది వారాలకి 25,600, చివరి ఐదు రోజులకి 2,400 మిగులుతాయి. ప్రభుత్వ సాయం పడితే అది తుపాను కవరుకో, పాత అప్పుకో.

అప్పు గురించి ఒక మాట. చేబదులు తెచ్చినా, వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నా, దాన్ని యాప్‌లో ఆదాయం కింద వెయ్యకండి. వేస్తే కవర్లన్నీ పచ్చగా కళకళలాడతాయి, వెనకాల బాకీ ఎక్కడా కనపడదు. అప్పు కోసం బడ్జెట్‌లో కలవని అకౌంటు విడిగా పెట్టి అక్కడ మైనస్‌లో చూపించాలి.

ఏ యాప్?

ఈ రంగంలో పెద్ద పేరు వైనాబ్. 2004లో జెస్సీ మెకమ్ అనే అమెరికన్ తన ఇంటి లెక్కల స్ప్రెడ్‌షీటుతో మొదలుపెట్టాడు. పద్ధతిని నేర్పడంలో దీన్ని మించింది లేదు, 34 రోజుల ఉచిత ట్రయల్ వాడి చూస్తే చాలు, విషయం ఒంటబడుతుంది. కానీ ధర ఏడాదికి 109 డాలర్లు, మన డబ్బుల్లో 9,000 పైమాటే. పై లెక్కలో అది ఒకటిన్నర వేటల వాటా. పైగా అంత ధరకి ముఖ్య కారణమైన బ్యాంకు కనెక్షన్ మన బ్యాంకులకి లేదు. మా ఊరికి ఇది వద్దు.

గుడ్‌బడ్జెట్ అచ్చంగా కవర్ల యాప్. ఉచిత వెర్షన్‌లో కవర్ల సంఖ్యకి, ఫోన్ల సంఖ్యకి పరిమితి ఉంది, అయినా ఒక ఇంటికి సరిపోతుంది. ఇద్దరి ఫోన్లలో ఒకే బడ్జెట్ కనిపిస్తుంది. అన్నీ చేత్తో ఎంటర్ చెయ్యాలి. ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్ళు ఎవరూ లేకపోతే నేను చెప్పేది ఇదే.

నేను ఇంట్లో పెట్టింది యాక్చువల్ బడ్జెట్. జేమ్స్ లాంగ్ అనే డెవలపర్ దీన్ని మొదట డబ్బులకి అమ్మేవాడు, 2022లో ఓపెన్ సోర్స్ చేసేశాడు. డేటా ముందు మన ఫోన్‌లోనే ఉంటుంది, నెట్ ఉన్నప్పుడు మన సొంత సర్వర్‌తో సింక్ అవుతుంది. సిగ్నల్ లేకపోయినా ఎంట్రీ వెయ్యొచ్చు. సెట్టింగ్స్‌లో 1,00,000 అని మన పద్ధతిలో కామాలు పెట్టే ఫార్మాట్ ఉంది, పైసల్ని దాచెయ్యొచ్చు. మెనూలు ఇంగ్లీషే గానీ కవర్ల పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. అమ్మ చూసేది బ్యాలెన్స్ కాలమ్ ఒక్కటే.

నెల మారినప్పుడు మిగిలిన డబ్బు అదే కవర్లో ముందుకెళ్తుంది. నిషేధం కవరు జూన్ నుంచి ఏప్రిల్ దాకా పెరుగుతూ రావాలంటే కావాల్సింది ఇదే. ప్రతి నెలా ఒకటో తారీఖున సున్నా నుంచి మొదలయ్యే యాప్ ఇక్కడ పనికిరాదు. ఏదైనా కవరు మైనస్‌లోకి వెళ్తే ఆ లోటుని వచ్చే నెల పంచాల్సిన డబ్బులోంచి కోసేస్తుంది. కఠినంగా ఉంటుంది, కానీ అబద్ధం చెప్పదు. కేటగిరీ నోట్సులో ఒక లైను రాస్తే ఆ నెల రాబడిలో 20 శాతాన్ని తనే లెక్కగట్టి కవరుకి వేస్తుంది కూడా. నేను వాడినప్పుడు అది ఎక్స్‌పరిమెంటల్ ఫీచర్లలో ఉంది, ఆన్ చేసుకోవాలి.

ఇన్‌స్టాలేషన్‌లో చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. డాకర్‌తో సర్వర్ పెట్టి, లాప్‌టాప్‌లో చూస్తే చక్కగా వస్తుంది. అదే వైఫైలో ఫోన్ నుంచి ఐపీ అడ్రస్ కొడితే షేర్డ్ అర్రే బఫర్ అంటూ ఎర్రర్. కారణం, ఈ యాప్ వాడే బ్రౌజర్ ఫీచర్ లోకల్‌హోస్ట్ కాని చోట హెచ్‌టీటీపీఎస్ లేకపోతే పనిచెయ్యదు. టెయిల్‌స్కేల్ పెట్టుకుంటే సర్టిఫికెట్ గొడవ తీరిపోతుంది, నేను హైదరాబాద్ నుంచి కూడా ఇంటి బడ్జెట్ చూడగలను. ఇది యాప్ స్టోర్ యాప్ కాదు, బ్రౌజర్‌లో తెరిచి హోమ్ స్క్రీన్‌కి యాడ్ చేసుకోవాలి. సింక్‌కి ఎన్‌క్రిప్షన్ ఆప్షన్ విడిగా ఉంది, ఆన్ చెయ్యండి.

ఎంట్రీలు ఎవరు వేస్తారు?

ఎస్సెమ్మెస్ చదివి ఆటోమేటిగ్గా వేస్తే బాగుండు అంటారు చాలామంది. నాకు ఆ సరదా లేదు. కొన్ని బ్యాంకులు చిన్న యూపీఐ మొత్తాలకి ఎస్సెమ్మెస్‌లు ఆపేశాయి, నగదు ఎటూ కనపడదు, ఇక మిగిలేది సగం లెక్క. ఇంకోటి, ఇలాంటి యాప్ చేతులు మారితే మన మెసేజీల మీద అనుమతి కూడా దానితోనే వెళ్తుంది. ఒకప్పుడు మనందరి ఫోన్లలో ఉన్న వాల్‌నట్‌ని 2018లో క్యాపిటల్ ఫ్లోట్ అనే అప్పులిచ్చే కంపెనీ కొనుక్కుంది, తర్వాత దాని పేరే యాక్సియో అయింది.

మేం చేసేది వేరు. చిల్లర ఖర్చులకి యూపీఐ లైట్ వాడతాం. లైట్‌లో ముందే డబ్బు లోడ్ చెయ్యాలి, ఒక పరిమితి మించి పట్టదు, లోడ్ చేసినప్పుడు మాత్రమే పాస్‌బుక్‌లో ఒక లైను పడుతుంది. చాలామంది దీన్ని స్పీడ్ కోసం వాడతారు గానీ నా దృష్టిలో ఇది ఫోన్‌లో ఉన్న నిజమైన కాగితం కవరు. సోమవారం 600 వేస్తే, టీ, కూరలు, కొత్తిమీర అన్నీ అందులోంచే. యాప్‌లో వారానికి ఒక్క ఎంట్రీ. అయిపోతే అయిపోయినట్టు. ఆటో టాప్‌అప్ మాత్రం ఆఫ్‌లో ఉంచాలి, లేకపోతే అది అడుగు లేని కవరు.

ఇక పెద్ద ఖర్చులు వారానికి ఏడెనిమిది కూడా ఉండవు. వాటిని అమ్మ ఆ రోజే వేసేస్తుంది. వాటా వచ్చిన రోజు పంచడం మాత్రం అందరం కలిసి, నేను వీడియో కాల్‌లో. "ముందు నిషేధం డబ్బా," అంటుంది అమ్మ, నాన్న ఇంకా చేతులు కడుక్కోకముందే.

ఏ యాప్ పెట్టుకున్నా మొదటి వారంలోనే ఎక్స్‌పోర్ట్ బటన్ ఎక్కడుందో వెతికి ఒకసారి నొక్కి చూడండి. మింట్ లాంటి పెద్ద సర్వీసునే 2024 మార్చిలో మూసేశారు. యాక్చువల్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే జిప్ ఫైల్ వస్తుంది, లోపల మామూలు ఎస్‌క్యూలైట్ డేటాబేస్, ఏ టూల్‌తోనైనా తెరుచుకుంటుంది. నేను నెలకోసారి దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంట్లో ఉంచుతున్నాను.