బైబిలు పిలుపునకు నమ్మకమైన సంఘము: సహవాసమును గూర్చి ఒక పరిశీలన

1. ప్రస్తావన

అనకాపల్లి బెల్లమునకు పేరు పొందిన ఊరు. ఇక్కడి మార్కెట్ యార్డులో బెల్లం దిమ్మలను వేలానికి పెట్టినప్పుడు రంగు బాగుంటే ధర పలుకుతుంది. ఆ రంగు కొరకు కొందరు వండేటప్పుడు హైడ్రోస్ అనే రసాయనమును కలుపుతారు. నల్లగా కనబడే దిమ్మలో కల్తీ లేకపోవచ్చు. పసుపుపచ్చగా మెరిసే దిమ్మ ఇంటికి తగనిది కావచ్చు. ఏది మంచిదో దిమ్మను విరిచి వాడుకొన్నవారికి తెలుస్తుంది.

ఈ పట్టణములోను చుట్టుపట్ల గ్రామములలోను పరిచర్య చేసే కాపరులకు సంఘముల విషయములో ఇటువంటి ప్రశ్నే ఎదురవుతుంది. బాప్తిస్టు సంఘములు, పెంతెకొస్తు సంఘములు, సహోదర కూటములు, ఏ సమాఖ్యకూ చెందని స్వతంత్ర ప్రార్థనా మందిరములు ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ప్రతి సంఘమూ తాను బైబిలు ప్రకారమైన సంఘమనే చెప్పుకొంటుంది. బాప్తిస్మము ఇచ్చే విధానము, ఆత్మ వరములు, ఆరాధన దినము, స్త్రీల ముసుగు మొదలైన విషయములను బట్టి ఒకరినొకరు తూచుకొంటారు. అయితే సంఘమును సంఘముగా నిలిపేది ఏది? ఈ వ్యాసములో మేము ఆ ప్రశ్నను లేఖనముల వెలుగులోను, తెలుగు సంఘ చరిత్రలోని ఒక ముఖ్య ఘట్టము వెలుగులోను పరిశీలిస్తున్నాము. సహవాసము సంఘమునకు ఒక అలంకారము కాదనీ, అది సువార్త సత్యములోనే భాగమనీ చూపుట మా ఉద్దేశము.

2. 'సంఘము' అను పదము

క్రొత్త నిబంధనలో సంఘమునకు వాడబడిన గ్రీకు పదము 'ఎక్లేసియా'. గ్రీకు పట్టణములలో పౌరుల సభకు ఇది పేరు. హెబ్రీ లేఖనముల గ్రీకు అనువాదమైన సెప్టువజింతులో, దేవుని యెదుట కూడిన ఇశ్రాయేలు సమాజమును సూచించే 'కాహాల్' అను మాటకు తరచుగా ఈ పదమునే వాడారు. కాబట్టి ఎక్లేసియా అంటే భవనము కాదు, సంస్థ కూడ కాదు. దేవుడు పిలువగా ఆయన యెదుట కూడిన ప్రజలు.

తెలుగులో మనము వాడే 'సంఘము' అను మాటకు ఈ ప్రాంతములో మరొక పాత చరిత్ర ఉన్నది. అనకాపల్లికి దగ్గరలోని శంకరం గ్రామమువద్ద బొజ్జన్నకొండ, లింగాలకొండ అను బౌద్ధ క్షేత్రములున్నాయి. శంకరం అను పేరు 'సంఘారామం' నుండి వచ్చినదని చెబుతారు. అనగా క్రైస్తవులు ఈ మాటను వాడుటకు ఎన్నో శతాబ్దములకు ముందే ఇక్కడ ఒక సంఘము ఉండెను. అది ఇల్లు విడిచి వచ్చిన భిక్షువుల సంఘము. అపొస్తలుల సంఘము మరొక విధమైనది. అది ఇంటింట కూడినది. అందులో భార్యాభర్తలు, పిల్లలు, దాసులు, యజమానులు ఉన్నారు. భిన్నమైన ఇండ్లనుండి వచ్చి ఒకే బల్లయొద్ద కూర్చొనుట ఆ సంఘమునకు పరీక్ష అయ్యింది.

3. చరిత్రలో సంఘ లక్షణములు

సంఘమునకు గుర్తులు ఏవి అను చర్చ కొత్తది కాదు. క్రీ.శ. 381 నాటి విశ్వాస ప్రమాణము సంఘమును ఏకమైనది, పరిశుద్ధమైనది, సార్వత్రికమైనది, అపొస్తలికమైనది అని ఒప్పుకొన్నది. 1530లో లూథరనులు సమర్పించిన ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు ఏడవ అధికరణము, సువార్త శుద్ధముగా బోధింపబడి సంస్కారములు సరిగా జరిగే పరిశుద్ధుల కూటమే సంఘమని తెలిపింది. 1561 నాటి బెల్జిక్ ఒప్పుకోలు ఇరువదితొమ్మిదవ అధికరణము వీటికి సంఘ క్రమశిక్షణను జోడించింది.

ఈ నిర్వచనములు విలువైనవి. బోధ చెడిపోయిన కాలములో అవి సంఘమును కాపాడాయి. అయితే వాటిని చదివేటప్పుడు మన సెమినరీ తరగతులలో ఒక పొరపాటు జరుగుతున్నది. 'సరియైన బోధ' అంటే సరియైన వాక్యములను పలుకుట అనీ, 'సరియైన సంస్కారము' అంటే సరియైన విధానమును పాటించుట అనీ తీసుకొంటున్నాము. బోధ విన్నవారి మధ్య సంబంధములు ఎట్లున్నవి అను ప్రశ్నను 'సామాజిక సమస్యలు' అనే మరొక పాఠమునకు వదిలివేస్తున్నాము. పౌలు ఈ విభజనను ఎరుగడు.

4. లేఖన సాక్ష్యము

అపొ.కా. 2:42లో యెరూషలేము సంఘము ఎడతెగక చేసినవి నాలుగు: అపొస్తలుల బోధ వినుట, సహవాసము, రొట్టె విరుచుట, ప్రార్థన. 'సహవాసము' అని తర్జుమా చేయబడిన 'కొయినోనియా' అను పదమునకు పాలుపంచుకొనుట అని అర్థము. 44, 45 వచనములు ఆ పాలు ఎంతవరకు వెళ్లినదో చెబుతున్నాయి. అది ఆస్తుల వరకు వెళ్లింది.

ఆ సంఘము ఎంతో కాలము కలతలేకుండ ఉండలేదు. 6వ అధ్యాయమునకు వచ్చేసరికి గ్రీకు మాటలాడే విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో అన్యాయము జరుగుతున్నదని సణుగు పుట్టింది. అపొస్తలులు ఆ సణుగును అవిధేయత అనలేదు. ఏడుగురిని ఏర్పరచుకొనుమన్నారు, ఏర్పడినవారందరివి గ్రీకు పేర్లే. నష్టపోయిన పక్షమువారి చేతికే పంపిణీ బాధ్యత వచ్చినట్లు కనబడుచున్నది. నమ్మకమైన సంఘమంటే తప్పు జరుగని సంఘమని కాదు; తప్పు బయటపడినప్పుడు దానిని దిద్దుకొనే సంఘమని ఇక్కడ నేర్చుకొంటాము.

గలతీ 2:11-14 మరింత తీవ్రమైన భాగము. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనము చేస్తూ, యెరూషలేమునుండి కొందరు రాగానే వెనుకకు తీశాడు. అతడు సిద్ధాంతమును మార్చలేదు. క్రీస్తు మరణ పునరుత్థానములను కాదనలేదు. లేచి వేరే బల్లకు వెళ్లాడు, అంతే. అయినను పౌలు దానిని మర్యాద తప్పుట అనలేదు. సువార్త సత్యమునుండి తొలగుట అన్నాడు. ఎవరితో కూర్చొని తింటున్నామన్నది పౌలు దృష్టిలో బోధకు సంబంధించిన విషయము.

1 కొరింథీ 11:17-34లో ఇదే తీర్పు ప్రభువు బల్లకు వర్తించింది. కొరింథులో కలిగినవారు ముందే భుజించగా లేనివారు ఆకలితో ఉండిపోయారు. అప్పుడు పౌలు, మీరు కూడివచ్చి తింటున్నది ప్రభువు రాత్రిభోజనము కాదన్నాడు. రొట్టె ఉన్నది, పాత్ర ఉన్నది, ప్రార్థన ఉన్నది. అయినను అది కాదు. సంస్కారము సరిగా జరిగినదా అని అడిగేటప్పుడు ఈ భాగమును విడిచి జవాబు చెప్పలేము.

5. ఒంగోలు: తెలుగు సంఘ చరిత్రలో ఒక పరీక్ష

ఉత్తరాంధ్రలో సువార్త సేవ 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజెస్ విశాఖపట్నమునకు వచ్చుటతో ఆరంభమైనది. తెలుగు లేఖన అనువాదములో వారి శ్రమ గొప్పది. అయితే మన ప్రశ్నకు స్పష్టమైన ఉదాహరణ దక్షిణముగా ఒంగోలులో దొరుకుతుంది.

అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలుకు వచ్చి స్థిరపడ్డాడు. తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అను మాదిగ విశ్వాసి ద్వారా ఆ ప్రాంత గ్రామములలో సువార్త వ్యాపించనారంభించింది. అదే సమయములో పట్టణములోని అగ్రవర్ణముల వారు కూడ మిషను పాఠశాలయెడల ఆసక్తి చూపారు. మాదిగలను చేర్చుకొంటే తాము రామని వారు తెలియజేశారు. పట్టణ పెద్దలు వస్తే సంఘమునకు గౌరవము, ధనము, పలుకుబడి కలుగుతాయి. ఆ సందిగ్ధములో క్లౌ, ఆయన భార్య వేరువేరుగా క్రొత్త నిబంధన తెరువగా ఇద్దరికీ 1 కొరింథీ 1:26-29 కనబడినదని క్లౌ తన జ్ఞాపకములలో చెప్పాడు. లోకములో ఎన్నికలేని వారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగము అది. వారు మాదిగలను చేర్చుకొన్నారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడింది.

పదేండ్ల తరువాత మరొక పరీక్ష వచ్చింది. 1876-78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. బోధకులు ఆ కూలివారి మధ్య ఉండి వాక్యము చెప్పారు. బాప్తిస్మము కోరినవారు అనేకులు. క్లౌ ఇవ్వలేదు. కూలి కొరకు వచ్చినవారెవరో, క్రీస్తు కొరకు వచ్చినవారెవరో తేలవలెనని ఏడాదికి పైగా ఆపాడు. సహాయము ముగిసిన తరువాత కూడ వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి వద్ద, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు; ఇచ్చినవారు అభిషేకము పొందిన తెలుగు బోధకులు.

మన ప్రసంగములలో 2,222 అను సంఖ్య తరచు వినబడుతుంది. దానికి ముందు ఆపి ఉంచిన ఆ ఏడాది కాలము తక్కువగా వినబడుతుంది. సంఘము నమ్మకమైనదని తేలినది ఆ నిరీక్షణలోనే అని మా అభిప్రాయము.

అయితే ఈ చరిత్రను పొగిడి ముగించలేము. ఒంగోలు ప్రాంతములో బాప్తిస్టు సంఘములలో మాదిగలు, గుంటూరు ప్రాంతములో లూథరన్ సంఘములలో మాలలు ఎక్కువగా చేరారు. క్రమముగా సంఘ శాఖ పేరు కులము పేరుతో కలిసిపోయింది. అగ్రవర్ణముల గోడను దాటిన సంఘము మాల మాదిగల మధ్య గోడను పూర్తిగా దాటలేకపోయింది. నేడు కూడ మన ఊళ్లలో పల్లెకొక ప్రార్థనా మందిరము, పెండ్లి సంబంధములలో కులము పట్టింపు, సమాధుల తోటలో వేరువేరు వరుసలు కనబడుతూనే ఉన్నాయి.

6. రెండు అభ్యంతరములు

మొదటిది: మనుష్యులు తమ వారి మధ్యనే సులభముగా క్రీస్తును నమ్ముతారు గదా? భారతదేశములో మిషనరీగా పనిచేసిన డొనాల్డ్ మెక్‌గావ్రన్ సంఘాభివృద్ధిని గూర్చి చెప్పిన ప్రసిద్ధ వాదన ఇదే. పరిశీలనగా ఇది నిజమే. తెలుగు నేలపై సామూహిక ఉద్యమములు బంధువర్గముల వెంబడే నడిచాయి. కాని మనుష్యులు ఏ ద్వారము గుండా లోపలికి వస్తారన్నది ఒకటి, లోపలికి వచ్చిన తరువాత ఎట్లుండాలన్నది మరొకటి. అంతియొకయలో అన్యజనులు తమ భాషలోనే సువార్త విన్నారు. అయినను వేరే బల్లను పౌలు ఒప్పుకోలేదు.

రెండవది: మా గ్రామములో విశ్వాసులందరు ఒకే కులమువారు, మేమేమి చేయగలము? ఇది న్యాయమైన ప్రశ్న. అటువంటి సంఘము వేరొక కులమువారిని సృష్టించలేదు. కాని పొరుగు పల్లెలోని సంఘముతో కలిసి ప్రభువు బల్లలో పాలుపొందగలదు, కాపరిని పంచుకొనగలదు, పెండ్లిలోను మరణములోను ఆ ఇంటికి వెళ్లి భోజనము చేయగలదు. అచ్యుతాపురం, పరవాడ ప్రాంతములకు ఒడిశా, బీహారు మొదలైన రాష్ట్రములనుండి కూలికి వచ్చినవారున్నారు. వారిలో విశ్వాసులు మన ఆరాధనలో వెనుక వరుసలో కూర్చొని వెళ్లిపోతున్నారా, మన ఇండ్లకు వస్తున్నారా అని అడుగవచ్చును.

7. బాప్తిస్మము, సభ్యత్వము, చట్టము

ఇక్కడ కాపరులకు బాధ కలిగించే మరొక విషయమును దాటవేయలేము. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను హిందువులకు పరిమితము చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని బి.సి. - సి వర్గములో లెక్కిస్తారు. కాబట్టి బాప్తిస్మ రిజిస్టరులో పేరు వ్రాయించుకొనుట ఒక కుటుంబమునకు పిల్లల చదువు, ఉద్యోగము మీద భారము కావచ్చును.

ఈ భారమును మోయని వారు మోసేవారిని పిరికివారని తేలికగా నిందిస్తున్నారు. ఇంకొందరు కాపరులు విషయమును చెప్పకుండ బాప్తిస్మము ఇచ్చి సంఖ్య చూపుకొంటున్నారు. రెండును సహవాసము కాదు. క్లౌ ఆపిన సంవత్సరము మనకు నేర్పేది ఇది: అభ్యర్థికి వెలను ముందుగా తేటగా చెప్పాలి, అబద్ధమాడుమని ఎవరికీ సలహా ఇవ్వకూడదు, చెల్లించినవారి నష్టములో సంఘము పాలుపంచుకోవాలి. ఒక విద్యార్థి ఫీజు రాయితీ పోగొట్టుకొంటే, అది ఆ ఇంటి సమస్య మాత్రమేనా, కొయినోనియా కలిగిన సంఘపు సమస్యయా?

8. ముగింపు

సంఘము బైబిలు పిలుపునకు నమ్మకమైనదో కాదో తెలిసికొనుటకు బోధను పరీక్షించాలి, సంస్కారములను పరీక్షించాలి, క్రమశిక్షణను పరీక్షించాలి. అయితే ఈ మూడింటినీ బల్లయొద్ద పరీక్షించాలని మేము మనవి చేస్తున్నాము. కాపరులు, విద్యార్థులు తమ సంఘమును గూర్చి ఈ ప్రశ్నలను ప్రార్థనాపూర్వకముగా అడుగుకొనగలరు. గత సంవత్సరములో మన సంఘస్థులు తమ కులము కాని విశ్వాసి ఇంట భోజనము చేశారా? సంఘ పెద్దలలో అందరి పక్షమువారు ఉన్నారా, కానుకల లెక్క ఎవరి చేతిలో ఉన్నది? ఎవరైనా సణిగినప్పుడు అపొస్తలుల వలె విన్నామా, నోరు మూయించామా? సహాయము ఆగిపోయినా వచ్చేవారెవరో మనకు తెలుసా?

వీటికి మన జవాబులు సంతృప్తికరముగా లేకపోవచ్చును. అంతియొకయలో పేతురు గద్దింపబడ్డాడు గాని త్రోసివేయబడలేదు. బల్ల విడిచి లేచినవాడు మరల వచ్చి కూర్చొనుటకు ప్రభువు చోటు ఉంచాడు. ఆ చోటికి ముందుగా మనము వెళ్లి, మన సంఘములను మనతో తీసికొనివెళ్లుదము.