సారథ్ బొమ్మ కోసం ఎదురుచూపు

సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే బీఎంపీ-2 సారథ్ సైనిక వాహనం బరువు దాదాపు 14 టన్నులు, పొడవు 6.7 మీటర్ల పైచిలుకు. దాన్ని 35వ వంతుకు కుదిస్తే 19 సెంటీమీటర్లు అవుతుంది. పుస్తకాల అరలో హాయిగా పడుతుంది. బొమ్మ ట్యాంకులు పోగుచేసే తెలుగువాళ్ళ కోరికల జాబితాలో పైవరసలో ఉండాల్సిన బండి ఇదే. జర్మనీ టైగర్, పాంథర్, అమెరికా షెర్మన్, రష్యా టీ-34 ఏ సైజులో కావాలన్నా, ఏ యుద్ధం నాటి రంగుల్లో కావాలన్నా దొరుకుతాయి. మన గడ్డ మీద తయారైన బండిని మాత్రం ఎవరికి వాళ్ళు ఏదో ఒక తిప్పలు పడి చేసుకోవాల్సి వస్తోంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఈ సరదా పెద్ద హాబీ దుకాణాల నుంచి రాలేదు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్ళ పెట్టెల్లో వచ్చింది. ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల దుబాయికో మస్కట్‌కో సౌదీకో మనిషిని పంపని ఊరు దొరకడం కష్టం. అత్తరు సీసాలు, చాక్లెట్లు, దుప్పట్ల మధ్య పిల్లల కోసం బ్యాటరీతో నడిచే ట్యాంకు ఒకటి ఉండేది. గొలుసు చక్రాలు తిప్పుకుంటూ, గొట్టం చివర ఎర్రలైటు వెలిగించుకుంటూ గచ్చు మీద తిరిగేది. బ్యాటరీలు అయిపోయాక ఆ బొమ్మను చాలామంది అటక మీద పడేశారు. కొందరు మాత్రం దాన్ని తిప్పి చూసి, ఇది ఏ దేశపు ట్యాంకు, నిజం ట్యాంకుకు ఇన్నే చక్రాలు ఉంటాయా అని వెతకడం మొదలుపెట్టారు. సేకరణ పిచ్చి పుట్టేది ఆ ప్రశ్న దగ్గరే. ఆడుకునే బొమ్మకూ, కొలత తప్పని నమూనాకూ తేడా తెలిసిన తర్వాత చక్రం ఒకటి తక్కువున్నా కంటికి నచ్చదు.

ఈ కొలతల లోకానికి ప్రమాణంగా నిలిచిన 35వ వంతు లెక్క ఎలా పుట్టిందో చెప్పుకోవాలి. జపాన్‌లోని షిజువోకా నగరంలో తమియా కంపెనీ మొదట కలప కోత మిల్లు. తర్వాత చెక్కతో నమూనా బొమ్మలు చేసింది, 1960లో ప్లాస్టిక్‌లోకి దిగింది. 1961 చివర్లో పాంథర్ ట్యాంకు కిట్ తయారుచేసినప్పుడు లోపల చిన్న మోటారు, బ్యాటరీలు పట్టేలా డొక్క వెడల్పు పెట్టుకున్నారు. ఆ వెడల్పును అసలు ట్యాంకుతో పోల్చి చూస్తే దాదాపు 35వ వంతు తేలింది. బ్యాటరీ కోసం పుట్టిన ఆ లెక్కే తర్వాత ప్రపంచమంతటికీ కొలబద్ద అయింది. ఇల్లు ఇరుకైన వాళ్ళకు 72వ వంతు నమూనాలున్నాయి. ఆ లెక్కన మన సారథ్ తొమ్మిది సెంటీమీటర్లు దాటి కొంచెం, అరచేతిలో ఇమిడిపోతుంది.

సారథ్ కథ మెదక్‌తో ముడిపడింది. మెదక్ లోక్‌సభ సభ్యురాలిగా ఉన్న ఇందిరాగాంధీ 1984 జూలైలో ఎద్దుమైలారం కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన విడిభాగాలతో కూర్చిన మొదటి బండి 1987లో సిద్ధమైంది. ఆ తర్వాత భాగాలు ఒక్కొక్కటిగా ఇక్కడే తయారుకావడం మొదలైంది. 2021 అక్టోబర్ నుంచి ఈ ఫ్యాక్టరీ ఆవడి కేంద్రంగా ఏర్పడిన ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్‌లో భాగం. నిజానికి సారథ్ ట్యాంకు కాదు. నడిపేవాళ్ళు ముగ్గురితో పాటు ఏడుగురు సైనికులను మోసుకెళ్ళి, దింపి, వాళ్ళకు అండగా 30 మిల్లీమీటర్ల తుపాకితో కాల్పులు జరిపే బండి. వాగు అడ్డొస్తే ఈదుతూ దాటుతుంది.

నమూనా చేసేవాళ్ళకు దీని వెనక భాగమే పండుగ. రెండు తలుపులు ఉబ్బెత్తుగా, పెట్టెల్లా ఉంటాయి. తలుపుల లోపల డీజిల్ నింపుకునే ఏర్పాటు ఉంది కాబట్టి ఆ ఉబ్బు. పక్కగోడల్లో సైనికులు లోపలి నుంచే కాల్చడానికి చిన్న రంధ్రాలు, వాటికి మూతలు. ముందు భాగంలో నీళ్ళు బండి మీదికి ఎగదన్నకుండా పైకి లేపే పలక. ఒక్కో పక్క ఆరేసి చక్రాలు. టరెట్ మీద ట్యాంకు విధ్వంసక క్షిపణి గొట్టం, పక్కల పొగగుండ్ల గొట్టాలు. ఇవన్నీ రష్యా జ్వెజ్దా, చైనా ట్రంపెటర్ కంపెనీలు తెచ్చిన బీఎంపీ-2 కిట్లలో ఉంటాయి. ఆకారం వచ్చేస్తుంది కానీ, భారత సైన్యపు ముద్ర రాదు.

ఆ ముద్రలో మొదటిది నంబరు ప్లేటు. మన సైనిక వాహనాల నంబరు పైకి చూసే బాణం గుర్తుతో మొదలవుతుంది. దాని తర్వాత సంవత్సరాన్ని తెలిపే రెండంకెలు, వాహనం తరగతికి ఒక అక్షరం, వరస సంఖ్య, చివర మరో అక్షరం. 35వ వంతు బొమ్మ మీద ఆ బాణం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అయినా అది లేకపోతే బండి ఏ దేశపు సైన్యంలోనైనా ఉండొచ్చు, అది ఉంటే మనదే. సేకరణకర్తలు కోరేది కొత్త అచ్చు ఒక్కటే కాదు, ఇలాంటి గుర్తుల స్టిక్కర్లు, రెజిమెంటు చిహ్నాలు, రిపబ్లిక్ డే కవాతులో కనిపించే రంగు మెరుగు, ఎడారి విన్యాసాల్లో పూసుకున్న ఇసుక రంగు. చక్రాల మీద మట్టి వేసేటప్పుడు కూడా యూరప్ బురద వేస్తే నప్పదు. ఎర్ర చెలక, నల్లరేగడి రంగులు చూసి పెరిగిన కంటికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది.

జాబితాలో సారథ్ తర్వాత చాలానే ఉన్నాయి. విక్కర్స్ డిజైన్ మీద ఆవడిలో 1965 నుంచి తయారైన విజయంత, 2004లో సైన్యంలో చేరిన అర్జున్ ట్యాంకులు. 58 టన్నుల అర్జున్‌ను 35వ వంతుకు తెస్తే గొట్టంతో కలిపి 30 సెంటీమీటర్ల పొడవు వస్తుంది, దానికి అల్మారాలో ఒక అర మొత్తం కావాలి. 1971 నవంబర్‌లో గరీబ్‌పూర్ దగ్గర జరిగిన పోరులో 45 కావల్రీ రెజిమెంటు నడిపిన పీటీ-76 ట్యాంకుకు 2023లో వచ్చిన ‘పిప్పా’ సినిమాతో కొత్త అభిమానులు పుట్టారు. జబల్పూర్‌లో తయారైన శక్తిమాన్ లారీ, జోంగా జీపు అంటే ఇష్టపడేవాళ్ళు వేరే తెగ. ట్యాంకు కంటే లారీయే ఎక్కువ మంది జ్ఞాపకాల్లో ఉంటుంది, ఎందుకంటే రోడ్డు మీద కాన్వాయ్ వెళ్తుంటే చెయ్యి ఊపింది ఆ లారీలకే.

ఇంకొక బండి గురించి కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. ఎద్దుమైలారం ఫ్యాక్టరీలోనే మందుపాతరలను తట్టుకునే వాహనం కూడా తయారైంది. దాని అడుగుభాగం వీ ఆకారంలో ఉండి పేలుడు దెబ్బను పక్కలకు చెదరగొడుతుంది. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు నక్సలైట్ల మందుపాతరల భయంతో కల్వర్టు దాటాలంటే గుండె దడదడలాడిన ప్రాంతమిది. కనుక ఆ బండి నమూనా ఇక్కడి అల్మారాలో ఉంటే దాని పక్కన నాలుగు వాక్యాల చీటీ కూడా ఉండాలి, అది ఎందుకు పుట్టిందో పిల్లలకు చెప్పడానికి. సైనిక వాహనాల సేకరణకు విలువ వచ్చేది అలాంటి చీటీలతోనే.

మరి కంపెనీలు ఎందుకు చేయవు? ప్లాస్టిక్ కిట్‌కు ఉక్కు అచ్చులు కావాలి. ఒక ట్యాంకులో వందల ముక్కలుంటాయి, గొలుసు చక్రాల పట్టాలే ఒక్కో లింకు విడిగా వస్తే వందకు పైగా అవుతాయి. అచ్చుకు పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే వేల పెట్టెలు అమ్ముడుపోవాలి. టైగర్ ఏ దేశంలోనైనా అమ్ముడుపోతుంది, సారథ్‌ను అడిగేది ముఖ్యంగా మనమే. మనం అడుగుతున్నామని వాళ్ళకు తెలియాలంటే మన మార్కెట్ కనపడాలి, ఆ మార్కెట్‌కు దిగుమతి సుంకం అడ్డు. బొమ్మల మీద 20 శాతంగా ఉన్న సుంకం 2020లో 60కి, 2023లో 70 శాతానికి చేరింది. 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి. దేశంలో బొమ్మల తయారీ పెరగాలన్న ఉద్దేశం మంచిదే. కానీ నాసిరకం చౌక బొమ్మను ఆపడానికి వేసిన గేటు, పెద్దవాళ్ళు శ్రద్ధగా కూర్చుకునే కిట్‌ను కూడా ఆపుతోంది. వంద రూపాయల సరుకు సుంకంతోనే 170 అవుతుంది, ఆపైన జీఎస్టీ, కొరియర్ ఖర్చు. జగిత్యాల కుర్రాడికి అది నెలల తరబడి దాచుకోవాల్సిన మొత్తం.

చెయ్యి తిరిగిన పనివాళ్ళు మనకు లేరా అంటే, చిన్నదాన్ని నిక్కచ్చిగా చేయడంలో ఈ ప్రాంతాన్ని మించింది అరుదు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు సిరిసిల్ల వారు, కొడుకు విజయ్ ఆ పనిని కొనసాగిస్తున్నారు. అదే ఊరి వెల్ది హరిప్రసాద్ మగ్గం మీద నేసి పంపిన జీ-20 చిహ్నం గురించి 2022 నవంబర్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో మాట్లాడారు. సూది బెజ్జంలో శిల్పాలు నిలిపే గుర్రం దయాకర్ జగిత్యాల వారు. ఇంగ్లండ్‌లో మ్యాచ్‌బాక్స్ కార్ల కథ కూడా ఇలాంటి పనితనంతోనే మొదలైంది. బడికి అగ్గిపెట్టెలో పట్టే బొమ్మ మాత్రమే తేవాలన్న నియమం ఉండటంతో, వాటిని తయారుచేసిన లెస్నీ కంపెనీ భాగస్వామి జాక్ ఓడెల్ కూతురి కోసం చిన్న ఇత్తడి రోడ్డురోలర్ చేసిచ్చాడు. 1953లో ఆ వరస బొమ్మలు మార్కెట్లోకి వచ్చాయి. కొన్నేళ్ళలోనే వాటిలో సైనిక బండ్లూ చేరాయి, ట్యాంకును మోసుకెళ్ళే పెద్ద ట్రాక్టరు సహా.

జగిత్యాల నుంచి గోదావరి దాటితే నిర్మల్ ఉంది. ఒకప్పుడు నిజాం సైన్యానికి ఫిరంగులు పోతపోసిన ఊరూ అదే, పొనికి చెక్కతో బొమ్మలు చెక్కే ఊరూ అదే. ముక్కలు అతికి, చింతగింజల లప్పం మెత్తి, నున్నగా రుద్ది రంగు వేసే ఆ పద్ధతి నమూనా ట్యాంకు కూర్చే పద్ధతికి దగ్గరి చుట్టమే. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కళ పళ్ళు, పక్షులు, జంతువుల దగ్గర ఆగాల్సిన పనిలేదు. పొనికి చెక్కతో ఒక శక్తిమాన్ లారీ చేస్తే కొనేవాళ్ళు తప్పకుండా ఉంటారు.

సేకరణ అన్నది ఇక్కడివాళ్ళకు కొత్త కూడా కాదు. సాలార్ జంగ్ మ్యూజియం బాలల విభాగంలో బారులు తీరిన బొమ్మ సైనికులను హైదరాబాద్ చూసిన ప్రతి పిల్లాడూ గుర్తుపెట్టుకుంటాడు. గడియారాలు, శిల్పాలు కొన్న చేత్తోనే మూడో సాలార్ జంగ్ బొమ్మ సిపాయిలనూ కొన్నాడు.

ఇప్పుడు ఒక దారి తెరుచుకుంది, 3డీ ప్రింటింగ్. ఉక్కు అచ్చుతో పనిలేదు, కంప్యూటర్‌లో గీసిన ఆకారాన్ని రెజిన్‌తో పొరలు పొరలుగా పేర్చి తీసే యంత్రం గదిలో బల్ల మీద పడుతుంది. నూరు పెట్టెలు అమ్ముడుపోని నమూనాకు కూడా ఇది చాలు. 2023 మార్చిలో రాయదుర్గంలో మొదలైన టీ-వర్క్స్‌లో ఇలాంటి యంత్రాలున్నాయి. సారథ్ చేయదలచుకున్నవాళ్ళు మార్కెట్లోని బీఎంపీ-2 కిట్ తీసుకుని, తేడాలున్న ముక్కలనే గీసి ముద్రించుకోవచ్చు. కొలతలకు బ్లూప్రింట్లు దొరకవు కాబట్టి ఎదురుగా తీసిన కవాతు ఫొటోలే ఆధారం. బండి వెడల్పు 3.15 మీటర్లని తెలుసు, కాబట్టి ఫొటోలో ఆ వెడల్పును స్కేలుతో కొలిచి మిగతావన్నీ దాని నిష్పత్తిలో లెక్కగట్టుకోవచ్చు.

ఇలా ఒకటి పూర్తిచేసినవాళ్ళు తరువాత తలపెట్టాల్సింది 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం మీద జరిగిన సైనిక చర్య. సోలాపూర్ నుంచి హైదరాబాద్ వైపు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నడిపించిన ఒకటో ఆర్మర్డ్ డివిజన్ దారిని ఒక బల్ల మీద కట్టవచ్చు. షెర్మన్, స్టువార్ట్ కిట్లు ఇప్పటికే బజారులో ఉన్నాయి. లేనివి ఆనాటి భారత సైన్యపు గుర్తులు, నల్దుర్గ్ దగ్గరి రాతి వంతెన, దారి పక్క మోదుగ చెట్టు, ఎడ్లబండి. ఇవేవీ జపాన్ కంపెనీ చేసిపెట్టదు, ఇక్కడివాళ్ళే చేయాలి.