ముందుసొమ్ము వర్తకం - నిజాంపట్నం ఉదాహరణ

తెనాలి, బాపట్ల, రేపల్లె వాసులకు నిజాంపట్నం నేడు చేపల రేవు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో అది విదేశీ వర్తకానికి పేరుపొందిన స్థలం. యూరపువారు దానిని పెటపోలి అన్నారు. 1606లో డచ్చివారు అక్కడ వర్తక స్థానం నెలకొల్పారు. 1611లో ఆంగ్లేయుల ‘గ్లోబ్’ ఓడ వచ్చింది. చిరివేరుతో ఎర్రరంగు వేసిన నూలుబట్టలు ఈ తీరం నుండి జావా వైపు వెళ్ళేవి. వాటికి మారుగా మిరియాలు, సుగంధద్రవ్యాలు లభించేవి.

ఈ వర్తకానికి ఆధారం నేతగానికి ముందుగా ఇచ్చే సొమ్ము. నూలు కొనే స్తోమత లేనివాడు దానితోనే మగ్గం నడిపేవాడు. అదే తీరని అప్పుగా మారితే మాత్రం కొనేవాడు చెప్పిందే ధర.

ముందు వెల చెల్లించి, తర్వాత సరకు పొందే బేరాన్ని ఇస్లామీయ ధర్మశాస్త్రం ‘సలమ్’ అంటుంది. మదీనాలో ఖర్జూరాల విషయమై ఉన్న ఈ ఆచారాన్ని దైవప్రవక్త (సల్లం) నిషేధించలేదు. కొలత, తూకం, గడువు నిర్ణయించుకోమన్నారు. వెల మొత్తం ఒప్పందం నాడే ముట్టాలన్నది హనఫీ ఫఖీహుల షరతు. సరకు అందకపోతే కొన్నవాడు వేచి ఉండవచ్చు, లేదా అసలు తిరిగి తీసుకోవచ్చు. అంతకు మించి కోరితే అది వడ్డీయే.

నేడు ఇదే తీరపు రొయ్యలు అమెరికా చేరుతున్నాయి. మేత అప్పుగా తెచ్చి, పంటను ఆ వర్తకునికే అమ్మవలసివచ్చే రైతు బేరాన్ని కూడా ఈ షరతులతోనే తూచి చూడాలి.